అన్న ముందు అనలేని మాట

1947 జూన్ 16

పొద్దున వదిన జడ వేసుకుంటూ దువ్వెనను పళ్ళ మధ్య పట్టుకుంది. ఎడమ చెయ్యి భుజం దాటి లేవడం లేదు. నేను వేస్తానంటే వద్దంది. ఒక్క చేత్తో మూడు పాయలు – రెండుసార్లు జారిపోయాయి. మూడోసారి వదిలేసి కొప్పు చుట్టుకుంది.

పట్నం దవాఖాన నుంచి వచ్చి పదకొండు రోజులు. ఎడమ రొమ్ము తీసేశారు. ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. అమ్మ ‘గడ్డ’ అంటుంది. అన్న ‘ఆపరేషన్’ అంటాడు. వదిన ఏమీ అనదు. అన్న పాత ధోవతి చింపి, మడిచి, రవికె లోపల పెట్టుకుంటుంది.

జూన్ 19

వదిన కూతురు చిట్టి, తల్లి పక్కన పడుకుంటానని ఏడుపు. నాలుగేళ్ళది, నిద్రలో కాళ్ళు విసురుతుంది. పుండుకు తగులుతుందని అమ్మ తన దగ్గర వేసుకుంది.

“మీ అమ్మ నీకు తమ్మున్ని తెస్తది. గప్పుడు ముగ్గురు పండుకోన్రి.”

వదిన వింటూనే ఉంది. చిట్టికి ముందు ఇద్దరు మగపిల్లలు. ఇద్దరూ పురిట్లోనే పోయారు.

జూన్ 23

కుట్లు విప్పారు. అన్న, వదిన, నేను – మొదటి బస్సుకు పోయాం.

డాక్టరమ్మ మద్రాసు వైపు మనిషి. ఇంగ్లండులో చదివి వచ్చింది. తెలుగు రాదు, ఉర్దూ పది మాటలు. అందుకే నన్ను పక్కన నిలబెట్టుకుంటుంది. బడిలో సిస్టర్లు డిక్టేషన్ చెప్పినట్టు ఇంగ్లీషులో ఒక్కో వాక్యం ఆపి ఆపి చెప్పింది. మరిచిపోకముందే ఆమె మాటలు ఆమె చెప్పినట్టే రాసిపెడుతున్నాను.

గడ్డ మొత్తం వచ్చేసింది. అయినా తిరిగి రావచ్చు. చిన్న వయసులో వచ్చిన గడ్డ ఊరికే పోదు.

ఈ వయసు ఆడవాళ్ళకు అండకోశాల నుంచి నెత్తుట్లోకి ఏదో ఊరుతుంది. గడ్డ దాని మీదే బతుకుతుందని కొందరు డాక్టర్ల అనుమానం. ఆ ఊట ఎండిపోతే గడ్డ మళ్ళీ లేవదేమో.

ఎండగట్టడానికి కత్తి అక్కర్లేదు. పొత్తికడుపు మీద ఎక్స్‌రే వెలుగు, ఆరుసార్లు.

ఇది ఇంకా తేలని సంగతి. అందుకే కొందరికి పెడుతున్నాను, కొందరికి పెట్టడం లేదు. ఎవరు మిగులుతారో చూడాలి. పదేళ్ళు పట్టవచ్చు. నీ వదినకు పెట్టే వంతు వచ్చింది.

వెలుగు పెడితే నెలసరి ఆగిపోతుంది. ఇక పిల్లలు పుట్టరు. ఈ మాట ఆమెకు స్పష్టంగా చెప్పు. ఒప్పుకుంటేనే పెడతాను.

అన్న గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, టోపీ చేతిలో పట్టుకుని.

“ఏమంటున్నది?”

చెప్పాను. గడ్డ సంగతి, వెలుగు సంగతి, పదేళ్ళ సంగతి. చివరిది నోట్లోనే ఉండిపోయింది. ఆ మూడు రోజులు నేను వెనక అర్రలో చాప మీద ఉంటే, అన్న ‘సుశీల ఏది’ అని కూడా అడగడు. దండెం మీద నా గుడ్డలు చీర చాటున ఆరేస్తాను. అన్నీ తెలిసిన ఇల్లే. తెలియనట్టు ఉండటమే మర్యాద. ఆయన ముఖం చూస్తూ ఆ మాట ఎట్లా అనడం?

“వెలుగు పెట్టినంక జర నీరసం ఉంటదట.”

“గంతేనా?”

“గంతే.”

వదిన నన్ను చూసి తలూపింది. ‘ఆమెకు అర్థమైందా?’ అని డాక్టరమ్మ అడిగింది. అయింది అన్నాను. కాగితం మీద వదిన బొటనవేలి ముద్ర.

జూన్ 24

మధ్యాహ్నం వదినా నేనూ చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాం. అన్న పొలంలో. అమ్మ నిద్రలో. ఇప్పుడు చెప్పొచ్చు – అనుకుంటూ గిన్నెడు గింజలు తీశాను.

చెప్తే వద్దంటుందేమో. వద్దంటే గడ్డ తిరిగి వస్తుందేమో. అందుకే చెప్పలేదని ఇవాళ అనుకుంటున్నాను. నిన్న ఆ గదిలో ఈ ఆలోచన లేదు. సిగ్గు ఒక్కటే ఉంది.

నిఘంటువులో చూశాను. అండకోశము. దాని కింద ఇచ్చిన అర్థం కూడా సంస్కృతమే.

జూలై 2

మొదటి వెలుగు. గది బయట నేను. లోపల ఏదో గుయ్యిమనే చప్పుడు. తలుపు తీస్తే వానకు ముందు వచ్చే వాసన.

వదిన నవ్వుకుంటూ వచ్చింది. “ఏం తగల్లే, ఏం కాలలే. గుళ్ళె హారతన్న కండ్లకద్దుకుంటం. గిదేందో, కడుపుకు చూపిచ్చి పంపిన్రు.”

ఆపరేషన్ తరువాత నవ్వడం ఇదే మొదలు.

బస్సులో వాంతి చేసుకుంది.

జూలై 9

రెండో వెలుగు. వరండాలో హయత్‌నగర్ ఎల్లమ్మ పరిచయమైంది. ఆమెకూ చలికాలంలో రొమ్ము తీశారు. వదిన ఈడే. కూరగాయలు అమ్ముతుంది. పుండు చూపించుకోవడానికి వచ్చిందట.

“నీకు లైటు పెడుతున్నరా?” అంది వదినతో. “నాకు పెట్టలే. నేను ముందే నల్లగున్న గద, కరెంటు దండుగ అనుకున్నరేమో.”

“నొస్తలేదు, నువ్వు గూడ అడుగు.”

“అడిగిన. నీకు లేదు పో అన్నరు. పెట్టకుంటే పాయె. బస్సు కిరాయన్న మిగులుతది.”

ఇద్దరూ నవ్వారు. ఒకరికి ఎందుకు పెడుతున్నారో, ఒకరికి ఎందుకు పెట్టడం లేదో ఇద్దరికీ తెలియదు. నాకు సగం తెలుసు.

జూలై 15

వదిన వెనక అర్రలో. రేపు మూడో వెలుగు. అమ్మ కదలనివ్వలేదు.

“బయటున్న మనిషి బస్సెక్కుడేంది? పదిమందికి తాకుకుంట?”

“డాక్టరమ్మ బుధవారం తప్పొద్దన్నది అమ్మా.”

“మీ డాక్టరమ్మకు మైల లేదా, మడి లేదా? నీకు లేదు, ఆమెకు లేదు. కాన్వెంట్ల ఒక్కతీరుగ నేర్పిచ్చిన్రు.”

డాక్టరమ్మకు ఉత్తరం రాశాను. ‘ఆరోగ్యం బాగా లేనందున’ అని. ఇంగ్లీషులో కూడా ఆ మాట రాయలేకపోయాను.

ఇంకా ఆగలేదు. రెండుసార్ల వెలుగుకు ఆగలేదు. లోలోపల ఎక్కడో తేలికపడ్డాను. ఎందుకో కాగితం మీద కూడా ఒప్పుకోను.

ఆగస్టు 13

ఆరోది, ఆఖరిది. వదిన దవాఖాన గడపకు దండం పెట్టి వచ్చింది.

డాక్టరమ్మ నన్ను ఉండమంది. లావుపాటి రిజిస్టరు. వెలుగు పెట్టిన వాళ్ళ పేర్లు ఎర్ర సిరాతో, పెట్టని వాళ్ళవి నీలం సిరాతో. చాలా పేర్ల పక్కన ఖాళీ.

“వీళ్ళు మళ్ళీ రారు,” అంది. “బతికారో లేదో తెలియదు. తెలియకపోతే ఇదంతా వృథా. నీ చేతిరాత బాగుంది. తెలుగులో రాయి. జవాబులు నీకే రానీ. నాకు ఇంగ్లీషులో పంపు.”

కార్డుల కట్ట ఇచ్చింది. ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన వైద్య పత్రిక ఒకటి కూడా. ఎప్పటిదో. అట్ట మీద ఉప్పు నీటి మరక.

ఆగస్టు 15

సరిహద్దు అవతల స్వతంత్రం వచ్చిందని జెండాలట. ఇక్కడ సంస్థానంలో గట్టిగా మాట్లాడే మనిషి లేడు. అన్న ఇవాళ పొలం కూడా పోలేదు.

ఆగస్టు 22

కార్డులు రాస్తున్నాను. ‘మీ ఆరోగ్యం ఎట్లున్నది. పుండు మానినదా. గడ్డ వంటిది మరల కనబడినదా.’ నెలసరి ఆగిందా అని కూడా అడగమంది డాక్టరమ్మ. కార్డు మీద రాస్తే పోస్టుమాస్టరు చదువుతాడు, పంపిణీ చేసేవాడు చదువుతాడు, ఆమె ఇంట్లో చదువు వచ్చిన మగవాడెవరో చదివి వినిపిస్తాడు. ఆమె కొడుకు కావచ్చు.

కవర్లు తెప్పించి మళ్ళీ రాశాను. కవరులో అయినా ఎవరు చదివి పెడతారు? అదే కొడుకు.

ఆ ప్రశ్న తీసేశాను.

సెప్టెంబరు 3

మొదటి జవాబు. ‘ఆమె ఉగాదికి ముందే చనిపోయినది. ఇకమీద ఉత్తరములు రాయవద్దు.’ సంతకం లేదు. డాక్టరమ్మ ఇచ్చిన జాబితాలో ఎర్ర సిరా పేరు.

డాక్టరమ్మకు ఇంగ్లీషులో రాస్తే రెండు ముక్కలు అయింది.

సెప్టెంబరు 11

చాకలి మల్లవ్వ మూట కట్టుకుంటూ నవ్వింది. ఊళ్ళో ఏ ఇంట్లో ఎవరు ఎప్పుడు బయట ఉన్నారో మల్లవ్వకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆ గుడ్డలు ఉతికేది ఆమే.

“అమ్మా, మీ కోడలమ్మ బట్టలు పోయిన నెల రాలే. ఈ నెల గూడ రాలే. నా నోట్ల చక్కెర ఎప్పుడు పోస్తరు?”

అమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టింది. రెండు వేళ్ళు మడిచి, మల్లవ్వ చేతిలో సేరు జొన్నలు పోసింది.

నేను పుస్తకం పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ఒక వాక్యం. ఆ ఒక్క వాక్యం చెప్తే అయిపోయేది. అక్కడ అందరూ ఆడవాళ్ళే. సిగ్గుకు కారణం కూడా లేదు. అయినా రాలేదు. అమ్మ ముఖం అట్లా వెలగడం మా బాపు పోయినప్పటి నుంచి చూడలేదు.

సెప్టెంబరు 12

వదినకు కూడా అదే నమ్మకం.

సెప్టెంబరు 20

అన్న పట్నం నుంచి బత్తాయిలు తెచ్చాడు. వదిన చేతికి ఇవ్వకుండా అరుగు మీద పెట్టి, చిట్టితో అన్నాడు: “మీ అమ్మను తినుమను. కొత్త మనిషికి పులుపు కావాలంట.”

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రొమ్ము తీసేసినప్పటి నుంచి అన్న పగటిపూట ఆమెతో నేరుగా మాట్లాడటం చూడలేదు. ఇప్పుడు చిట్టిని మధ్యలో పెట్టి రోజూ ఏదో ఒకటి అంటాడు.

సెప్టెంబరు 28

మహేశ్వరం నుంచి వదిన తల్లి వచ్చింది. తీపి మలీద ముద్దలు, గాజులు తెచ్చింది. కూతురి ఎడమ పక్క చూడకుండా కుడి పక్కనే కూర్చుంది. “ఒకటి తీసుకున్నడు, ఒకటిచ్చిండు దేవుడు” అంది.

నేను నీళ్ళు తెస్తానని లేచి వెళ్ళాను.

అక్టోబరు 1

నెలనెలా చూపించుకోవాలి. పోయిన నెల పోలేదు. ఇవాళా పోలేదు.

“వద్దు సుశీలా. ఆ వెలుగు గది పక్కపొంటి నడిచినా పిల్లకు తగులుతది.”

“వెలుగు పెట్టరు. చేత్తోని ఒత్తి చూస్తరు, గంతే.”

“పుట్టినంక పోదం.”

అమ్మ కూడా వదినవైపే. బస్సుల్లో ఖాకీ బట్టలవాళ్ళు ఎక్కి మూటలు విప్పిస్తున్నారట. ఆడవాళ్ళను కూడా దింపుతున్నారట. కారణాలకు కొదవ లేదు.

అక్టోబరు 9

వదినకు ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిరి. మెడ నుంచి ముఖం దాకా ఎర్రబడుతుంది, చెమట ధారగా కారుతుంది, మరు నిమిషం చలి. వంటింట్లో పిండి చేత్తోనే వచ్చి గోడకు వీపు ఆనించి నిలబడుతుంది.

“మొగపిల్లగాడు,” అంటుంది అమ్మ. “గందుకే గంత ఉడుకు.”

డాక్టరమ్మ ఇచ్చిన పత్రికలో ఇది ఉంది. ఊట ఎండినందుకు గుర్తు. మూడుసార్లు చదివాను. పత్రిక బట్టల అడుగున పెట్టాను – ఈ ఇంట్లో అది చదవగలిగేది నేనొక్కదాన్నే అయినా.

అక్టోబరు 17

ఎల్లమ్మ జవాబు. కొడుకు రాశాడు. ‘మా అవ్వ మంచిగ ఉన్నది. గంప ఎత్తుతున్నది. మంచిగుంటే మళ్ల ఎందుకు రావాలె అని అడుగుతున్నది.’

నీలం సిరా.

చచ్చిపోయినామె ఎర్ర సిరా. ఒక్కొక్క కార్డుతో ఏమీ తేలదని డాక్టరమ్మ అంది. తేలాలంటే ఇంకా ఎన్ని కార్డులు రావాలి?

అక్టోబరు 27

వదినకు తలంటి పోశాను. చెయ్యి లేపమంటే లేపింది – ఇప్పుడు చెవి దాకా లేస్తుంది. ఎడమ చంకలో నా వేలికి తగిలింది. కుంకుడు గింజంత. గట్టిది. కదల్లేదు.

“ఇది ఎప్పటిసంది వదినె?”

“పండుగప్పటిసంది. చంకల బిళ్ళ. కడుపుతోని ఉంటే బిళ్ళలు గడ్తయి, మా అమ్మ చెప్పింది.”

మిగతా నీళ్ళు పోశాను. తల తుడిచాను. సాంబ్రాణి వేశాను. అన్నీ చేశాను.

అక్టోబరు 28

ఇవాళ కూడా చెప్పలేదు.

అక్టోబరు 29

చెప్పాను.

పెరట్లో చిట్టికి జడ వేస్తూ కూర్చుంది. నిలబడే చెప్పాను, కూర్చుంటే మళ్ళీ ఆగిపోతానని. ఆ రోజు డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది వదినె. వెలుగు పెడితే ముట్టు ఆగుతదన్నది. మళ్ల పిల్లలు కారన్నది. నీకు చెప్పుమన్నది. నేను చెప్పలే. నీ కడుపుల ఏం లేదు.

వదిన చిట్టి జడ పూర్తిగా అల్లింది. చివర దారం కట్టింది. “నాయనమ్మ దగ్గరికి పో బిడ్డా” అని పంపింది.

“నీకు మొదటిసంది ఎర్కనా?”

“అవ్.”

“బత్తాయిలు తెచ్చిన్నాడు?”

“అవ్.”

“మా అమ్మ వచ్చిన్నాడు?”

తలూపాను.

కోడి ఒకటి వచ్చి ఆమె కాలి దగ్గర గీకుతోంది. అదిలించలేదు.

“గప్పుడే చెప్తే వద్దందువేమో అని…” నేను మొదలుపెట్టాను.

“అందునా?”

“నాకు తెల్వది.”

“నాగ్గూడ తెల్వది. బతుకు కావాల్నా, కొడుకు కావాల్నా – గది నేను ఆలోచన చేసుకునేది. నన్ను చేసుకోనియ్యలే నువ్వు.”

తిట్టలేదు. తిడితే బాగుండేది.

కాసేపటికి లేచి, గోడకానుకుని, మెడ మీద చెమట కొంగుతో తుడుచుకుంది. తుడుచుకుంటూ ఆగి చెయ్యి వైపు చూసుకుంది – ఆ చెమట ఎందుకో ఇప్పుడు తెలిసింది.

“అయితే గీ బిళ్ళ ఏంది మల్ల?”

“చూపెట్టాలె.”

“మీ అన్నకు నువ్వే చెప్పు. నేను చెప్ప. గా మాట మింగిందానివి నువ్వు.”

అక్టోబరు 31

అన్న భోజనానికి కూర్చున్నాడు. నేను వంటింటి తలుపు వెనక నిలబడ్డాను. రెక్క సగం వేసి. ఆయనకు నేను కనబడను, నాకు ఆయన చెయ్యి, కంచం మాత్రం కనబడతాయి. అట్లా అయితేనే వచ్చింది మాట. మొత్తం చెప్పాను. ఆ మాటతో సహా.

చెయ్యి కంచంలోనే ఆగింది.

“డాక్టర్ చెప్పిన్నాడే ఎందుకు చెప్పలే?”

“నువ్వు ఆడ్నే ఉంటివి గదన్నా.”

“ఉంటే?”

“నీ ముంగట ఎట్లంటా?”

“జర బయటికి పో అన్నా, అంటే నేను పోకపోదునా?”

ఈ నాలుగు నెలల్లో ఆ మాట నాకు ఒక్కసారి కూడా తోచలేదు. ‘జర బయటికి పో అన్నా.’ అంతే కదా.

చెయ్యి కడుక్కుని లేచాడు. అన్నం అట్లాగే ఉంది. ఎడ్ల దగ్గరికి పోయి నిలబడ్డాడు. వదిన ఉన్న అర్ర వైపు పోలేదు.

నవంబరు 2

అమ్మకు అన్న చెప్పాడు. అమ్మ నా దగ్గరికి వచ్చి, నిదానంగా అడిగింది.

“గన్నేండ్లు పట్నంల పెట్టి సదివిస్తిమి. గా సదువు నోట్లకే రాకుంటే ఎందుకే?”



మల్లవ్వ వచ్చింది. అమ్మ బట్టల మూట తానే వేసి, తలుపు దగ్గరగా వేసుకుంది.

నవంబరు 6

మహేశ్వరానికి కబురు పోయింది. గాజులు వదిన తీయలేదు.

అమ్మ అన్నతో పంచాయతీ. వాకిట్లో గొంతు తగ్గించి మాట్లాడుతున్నా వినబడుతుంది. బడంగ్‌పేట్‌లో ఎవరో పిల్ల. ‘ఇది ఉంటది, దీన్ని ఎవ్వలు ఎల్లగొడ్తలేరు. కొడుకు కోసం ఇంకోతి.’ అన్న “ముందుగాల దవాఖాన పని కానియ్యే” అన్నాడు. కాదని అనలేదు.

వదిన నాకు వినబడేట్టు అంది: “పిల్ల మంచిదైతే మంచిదే. నాకు గూడ పనిల ఆసరైతది.” హాస్యమో కాదో తెలియలేదు. పప్పు చెరుగుతూనే ఉంది.

నవంబరు 12

బుధవారం. వెళ్ళడానికి బయలుదేరాం. బస్సు లేదు. రోడ్డు మీద చెట్టు కొట్టి అడ్డం వేశారట. ఎవరు వేశారో ఒకరొక మాట. మధ్యాహ్నం దాకా కూర్చుని తిరిగి వచ్చాం.

చంకలో బిళ్ళ ఇప్పుడు రేగుపండంత.

నవంబరు 13

వదిన నాతో మాట్లాడుతుంది – ఉప్పు అందుకో, చిట్టిని చూడు. అంతే. నన్ను దువ్వెన పట్టుకోనివ్వదు.

నవంబరు 19

అన్న సవారీ బండి కట్టించాడు. చీకటి విడవక ముందే బయలుదేరి, పట్నం చేరేసరికి ఎండ నడినెత్తిన.

డాక్టరమ్మ వదిన చంక ఒత్తి చూసింది. ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు. అప్పుడే మత్తు సూది పొడిచి, చిన్న ముక్క కోసి సీసాలో వేసింది. గాజు పలక మీద పెట్టి చూడాలి. పది రోజులు.

“మామూలు బిళ్ళ కూడా కావచ్చు,” అంది. “కాకపోవచ్చు.”

ఈసారి మొత్తం చెప్పాను. అన్న గుమ్మంలో ఉన్నాడు. చెప్పే ముందు “జర బయటికి పో అన్నా” అన్నాను. పోయాడు. వదిన నా వైపు చూడకుండా విన్నది.

“అడుగు,” అంది. “గా వెలుగు పెట్టకపోతే ఇప్పటికే సత్తునా? పెట్టినందుకే గిది లేచిందా?”

అడిగాను. డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసింది. “ఆమెకు నిజం చెప్పు. నాకు తెలియదు. ఒక్క మనిషి విషయంలో ఎప్పటికీ తెలియదు. అందరినీ కలిపి చూస్తే, చాలా ఏళ్ళకు, తరువాత వచ్చే ఆడవాళ్ళకు తెలుస్తుంది.”

అదే చెప్పాను. ఒక్క మాట వదలలేదు.

“తరువాత వచ్చేటోళ్ళకా,” అంది వదిన. “మంచిదే పో.” చీర సర్దుకుని బయటికి నడిచింది.

నేను ఆగిపోయాను. ఇన్నాళ్ళుగా ఉన్న ప్రశ్న. ఎల్లమ్మకు పెట్టలేదు, వదినకు పెట్టారు – ఎందుకు? వదినలో ఏం చూసి?

“ఏమీ చూడలేదు. చూడకూడదు,” అంది డాక్టరమ్మ. “నేను ఎంచుకుంటే జాలి పుట్టిన వాళ్ళకు పెడతాను, లేదా బతికేట్టున్న వాళ్ళకు పెడతాను. అప్పుడు ఏదీ తేలదు. అందుకని పుట్టిన తేదీ చూస్తాను. సరి సంఖ్య అయితే వెలుగు. బేసి అయితే లేదు. తేదీకి ఎవరి మీదా పక్షపాతం లేదు కదా.”

రిజిస్టరు నా వైపు తిప్పింది. వదిన పేరు, ఊరు, ఎర్ర సిరా. పేరు పక్కన తేదీ.

నవంబరు 20

వదినకు కొంచెం జ్వరం. కోసిన చోట నొప్పి. చిట్టి వెళ్ళి పక్కలో పడుకుంది, ఈసారి ఎవరూ లేపలేదు. పలక సంగతి తెలియడానికి ఇంకా తొమ్మిది రోజులు. అన్న బడంగ్‌పేట్ పోయాడు. ఎందుకో చెప్పలేదు.

దవాఖానలో చేర్చిన మొదటి రోజు, మే నెలలో, డాక్టరమ్మ పుట్టిన తేదీ అడిగింది. వదిన తేదీ ఎవరికీ తెలియదు. జొన్నకోతలప్పుడు పుట్టిందని ఆమె తల్లి అంటుంది, ఏ ఏడో కూడా సరిగ్గా తెలియదు. కలం పట్టుకుని ఎదురుచూస్తున్న ఆమె ముందు, ఆమె తేదీ ఎవరూ రాసిపెట్టుకోలేదని చెప్పడానికి నాకు నామోషీ అయింది.

నా తేదీ చెప్పాను.